పన్నుకో నాణెం: పళ్ళ డాక్టరు చూసిన రెండు దెయ్యం సినిమాలు

మా చెల్లెలి కూతురికి ఏడేళ్ళు. డాలస్‌లో ఉంటుంది. పోయిన డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేసి, పై వరసలో ముందు పన్ను ఊడిన సందులోంచి నాలుక బయటపెట్టి చూపించింది. ఊడిన పన్నును రాత్రి దిండు కింద పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దాని చోట రెండు డాలర్లు ఉన్నాయట. టూత్ ఫెయిరీ వచ్చి పన్ను తీసుకుని, డబ్బు పెట్టి వెళ్ళిందట. సంతోషంగానే చెప్పింది. చివర్లో మాత్రం గొంతు తగ్గించి అడిగింది. "పెద్దమ్మా, నువ్వు పళ్ళ డాక్టరువి కదా. ఆవిడ ఇంతమంది పళ్ళు తీసుకెళ్ళి ఏం చేసుకుంటుంది?"

గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా పళ్ళ వైద్యం చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పిల్లలే. పన్ను ఎందుకు కదులుతుంది, కొత్త పన్ను ఎందుకు వంకరగా వచ్చింది, పురుగు నిజంగా నోట్లో ఉంటుందా అని రోజూ అడుగుతూనే ఉంటారు, చెబుతూనే ఉంటాను. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "అడిగి చెబుతానమ్మా" అని ఫోను పెట్టేశాను. ఎవరిని అడగాలో తెలియక వెతుకుతుంటే, జవాబు చెప్పిన వాళ్ళు హాలీవుడ్‌లో కనిపించారు. టూత్ ఫెయిరీని దెయ్యంగా మార్చి తీసిన సినిమాలు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. వాటిలో రెండింటిని ఆన్‌లైన్లో అద్దెకు తీసుకుని, క్లినిక్ మూసి ఇంటికి వచ్చాక రెండు రాత్రులు చూశాను. మా వారు రెండింటికీ మొదటి అరగంటలోనే నిద్రపోయారు. మా అత్తయ్య మాత్రం రెండూ పూర్తిగా చూశారు. ఆవిడకు ఇంగ్లిషు రాదు కాబట్టి మధ్యమధ్యలో నేను ఆపి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అడిగిన ప్రశ్నలు కూడా ఇందులో వస్తాయి, ఎందుకంటే నాకంటే ఆవిడే బాగా అడిగారు.

సినిమాల సంగతికి ముందు ఆ ఫెయిరీ సంగతి కొంచెం చెప్పాలి. తరతరాల నుంచి వస్తున్న పాత దేవత అనుకుంటాం కానీ, ఆవిడ పేరు అచ్చులో మొదట కనిపించేది 1908 సెప్టెంబరులో, షికాగో ట్రిబ్యూన్ పత్రికలో గృహిణులకు చిట్కాలు చెప్పే శీర్షికలో. మొండి పిల్లలు కదిలే పన్ను తీయించుకోవడానికి ఒప్పుకోవాలంటే వాళ్ళకు టూత్ ఫెయిరీ కథ చెప్పండి, అయిదు సెంట్ల వస్తువులమ్మే చోటికి వెళ్ళి చిన్నచిన్న బహుమతులు ముందే కొని ఉంచుకోండి అని తల్లులకు సలహా. అది చదివి నేను గట్టిగా నవ్వాను. నా బల్ల సొరుగులో బెలూన్లు, స్టిక్కర్లు, వాసన వచ్చే రబ్బర్లు ఎందుకున్నాయో నాకు తెలుసు కదా! అంటే ఆ ఫెయిరీ పుట్టిందే పిల్లల చేత నోరు తెరిపించడానికి. నాకు సహోద్యోగి అన్నమాట.

స్పెయిన్ పిల్లలకు ఈ పని ఎలుక చేసిపెడుతుంది. దాని పేరు పెరెస్. 1894 ప్రాంతంలో లూయిస్ కొలోమా అనే పాద్రి, అప్పటికి ఎనిమిదేళ్ళవాడైన పదమూడో అల్ఫోన్సో రాజుకు పన్ను ఊడితే ఈ ఎలుక కథ రాసి ఇచ్చాడు. మాడ్రిడ్‌లో ఆ ఎలుక ఉన్నట్టు చెప్పే ఇంటి దగ్గర ఫలకం కూడా పెట్టారు. అమెరికాలో రోజ్‌మేరీ వెల్స్ అనే ఆవిడ దంతవైద్య కళాశాలలో పనిచేస్తూ ఈ ఫెయిరీ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, 1993లో ఇల్లినాయ్‌లోని డీర్‌ఫీల్డ్‌లో తన ఇంటినే టూత్ ఫెయిరీ మ్యూజియంగా మార్చేశారు. ఇలాంటి వాళ్ళున్నారని తెలిస్తే మా వృత్తి మీద నాకు మళ్ళీ ప్రేమ పుడుతుంది.

మా ఇంట్లో పద్ధతి వేరు. ఊడిన పాలపన్నును మా నాయనమ్మ చిన్న పేడ ముద్దలో పెట్టి, పెంకుటింటి మీదకు విసరమనేది. అది జారి కింద పడితే కొత్త పన్ను సరిగా రాదని భయపెట్టేది. పేడ ఎందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు. పెంకుకు అతుక్కుంటుందని, జారదని పెద్దయ్యాక తట్టింది. ఆ పన్నును ఎవరో తీసుకెళతారని గానీ, బదులుగా ఏదో ఇస్తారని గానీ మాకెవరూ చెప్పలేదు. అందుకే మొదటి సినిమా మొదలైన అయిదు నిమిషాలకే అత్తయ్య అడిగారు, "పన్నుకు డబ్బెందుకే ఇవ్వడం? ఊరికే ఇస్తే తీసుకోదా?"

ఆ మాట పట్టుకునే రెండు సినిమాలూ చూశాను. చెప్పాలంటే భయమంతా అక్కడే ఉంది. ఒంట్లోంచి ఊడిన ఎముకలాంటి ముక్కకు ఎవరో వెల కట్టారు. పిల్ల నిద్రపోతుండగా తల కిందకు చెయ్యి పెట్టి తీసుకున్నారు. పొద్దున తల్లిదండ్రులు నవ్వుతూ ఆ డబ్బు చూపించారు. దీన్ని భయానక కథగా మార్చడానికి కొత్తగా ఏదీ తగిలించనక్కరలేదు, ఉన్నదాన్ని కాస్త నెమ్మదిగా చూపిస్తే చాలు.

మొదటి సినిమా 'డార్క్‌నెస్ ఫాల్స్', 2003లో వచ్చింది. దర్శకుడు జొనాథన్ లీబెస్‌మన్. ఆ జనవరిలో అమెరికాలో విడుదలైన మొదటి వారాంతం వసూళ్ళలో మొదటి స్థానం దీనిదే. కథ పేరున్నంత చీకటిగానే మొదలవుతుంది. డార్క్‌నెస్ ఫాల్స్ అనే ఊళ్ళో పూర్వం మటిల్డా డిక్సన్ అనే ముసలావిడ ఉండేది. పిల్లలంటే ప్రాణం. పన్ను ఊడిన పిల్లకో బంగారు నాణెం ఇచ్చేది. ఇల్లు అంటుకుని ఆవిడ ముఖం కాలిపోయింది. వెలుతురు తగిలితే ఓర్చుకోలేక పింగాణీ ముసుగు పెట్టుకుని రాత్రిపూట మాత్రమే బయటకు వచ్చేది. ఒకసారి ఇద్దరు పిల్లలు కనిపించకుండా పోతే, ఊరి జనం ఆవిడే ఏదో చేసిందని ముసుగు లాగేసి ఉరి తీశారు. మర్నాడు పిల్లలిద్దరూ క్షేమంగా ఇంటికి వచ్చారు. పోతూపోతూ ఆవిడ శాపం పెట్టింది. అప్పటి నుంచి, ఆఖరి పాలపన్ను ఊడిన రాత్రి ఆ ఊరి పిల్లల దగ్గరకు వస్తుంది. కళ్ళు తెరిచి ఆవిడను చూశారా, అయిపోయారు.

ఇక్కడిదాకా విని అత్తయ్య "అయ్యో పాపం" అన్నారు. ఎవరికి పాపం అని అడిగితే, "ఆ ముసలావిడకే. ఊళ్ళోవాళ్ళని చంపితే తప్పేముంది?" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కథలో ఉన్న బలమంతా ఈ పది వాక్యాల్లోనే ఉంది. బాధ ఏమిటంటే, దర్శకుడు ఈ పది వాక్యాలనూ మొదట్లోనే వెనకనుంచి ఒక గొంతు చేత చెప్పించేశాడు. ఇంకేం మిగిలింది మనం కనిపెట్టుకోవడానికి?

ఆ "ఆఖరి పాలపన్ను" నియమం గురించి మాత్రం ఆగి చెప్పాలి. రాసినవాళ్ళు తెలిసి రాశారో, తెలియక రాశారో గానీ, నా లెక్కలో సినిమా మొత్తంలో అదే తెలివైన ఆలోచన. పాలపళ్ళు ఇరవై. మొదటిది ఆరేళ్ళ ప్రాంతంలో ఊడుతుంది, సాధారణంగా కింది వరసలో ముందు పన్ను. ఆఖరివి పదకొండు, పన్నెండేళ్ళకు ఊడతాయి, ఎక్కువగా దవడ పళ్ళో, పై కోరపళ్ళో. ఆరేళ్ళ పిల్ల ఫెయిరీని నమ్ముతుంది. పన్నెండేళ్ళ పిల్లవాడు నమ్మడు. పైగా చెల్లికి చెప్పి ఏడిపిస్తాడు. అంటే నమ్మకం చచ్చిపోయిన వయసులో, చివరి లావాదేవీ తేల్చుకోవడానికి ఆవిడ వస్తోంది. ఇన్నేళ్ళూ డబ్బు తీసుకుని ఇప్పుడు లేనంటావా అని అడగడానికి వచ్చినట్టు. ఎంత మంచి భయం! క్లినిక్‌లో పన్నెండేళ్ళ పిల్లల ముఖాలు నాకు తెలుసు. చేతిలో పడ్డ ఆఖరి పాలపన్నును చూసి "దీన్ని పారేయండి డాక్టర్" అంటారు, ఒక్క క్షణం ఆగి మళ్ళీ "ఇవ్వండి, అమ్మకు చూపిస్తాను" అంటారు. ఆ ఒక్క క్షణంలో ఉన్న సినిమాను వీళ్ళు తీయలేదు.

బదులుగా ఏం తీశారు? చిన్నప్పుడు ఆవిడను చూసి బతికిపోయిన కైల్ అనే కుర్రవాడు, పన్నెండేళ్ళ తర్వాత సంచీ నిండా టార్చిలైట్లతో ఊరికి తిరిగి వస్తాడు. చిన్ననాటి స్నేహితురాలి తమ్ముడు కూడా ఆవిడను చూశాడు, ఆసుపత్రిలో దీపం ఆర్పనివ్వడం లేదు. అక్కడి నుంచి కథ పళ్ళ మాట దాదాపు మర్చిపోయి, దీపాలు ఆర్పడం, వెలిగించడం అనే ఆటగా మారిపోతుంది. ఆవిడ గాలిపటంలా పైనుంచి దిగుతుంది, ఎవరినో ఎత్తుకుని పైకి పోతుంది. పోలీసులను చంపుతుంది, నర్సులను చంపుతుంది. వాళ్ళ పళ్ళు ఎప్పుడో ఊడి, కొత్తవి వచ్చి, కొన్నింటికి సిమెంటు కూడా పెట్టించుకుని ఉంటారు కదా, వాళ్ళతో ఆవిడకు పనేమిటి? "అందరినీ చంపేస్తుంటే ఇంక పళ్ళెవరిస్తారు?" అని అత్తయ్య అడిగారు. నిర్మాతల్లో ఒక్కరైనా ఈ ప్రశ్న అడిగి ఉండాల్సింది.

జురాసిక్ పార్క్ డైనోసార్లను చేసిపెట్టిన స్టాన్ విన్‌స్టన్ స్టూడియోనే ఈ ఫెయిరీ రూపాన్నీ తయారుచేసింది. పింగాణీ ముసుగు బాగుంది. కదలని తెల్లటి ముఖం, చీకట్లో అది ఒక్కటే తేలుతూ ఉండటం. పళ్ళ డాక్టరుకు పింగాణీ అంటే మరో సంగతి గుర్తొస్తుంది, మేము తొడుగులు చేసేది దానితోనే. కానీ ఆ ముసుగును నిదానంగా చూడనిస్తే కదా. ఎడిటింగ్ అంతా కోతలే. నిడివి గంటా ఇరవై ఆరు నిమిషాలు అని ఉంటుంది, అందులో చివరి పేర్లే పది నిమిషాలకు పైగా నత్తనడకన పోతాయి. అసలు సినిమా గంటంబావు. డబ్బులిచ్చి చూసినవాళ్ళకు ఆ మేరకు ఊరట.

ఒక్క విషయంలో మాత్రం ఈ సినిమా నన్ను ఇబ్బంది పెట్టింది, ఆ ఇబ్బంది నాకు నచ్చింది. ఇందులో వెలుతురే రక్షణ. పిల్లవాడు దీపం కింద ఉన్నంతసేపు ఆవిడ ముట్టుకోలేదు. నా క్లినిక్‌లో దానికి సరిగ్గా తలకిందులు. కుర్చీ మీద వెలిగే పెద్ద దీపం తిప్పగానే పిల్లలు బిగుసుకుపోతారు. కళ్ళు మూసుకుంటారు, తరవాత నోరు మూసుకుంటారు. ఆ వెలుతురు వెనక ముసుగు వేసుకున్న ఒక ముఖం, కళ్ళు మాత్రమే కనిపిస్తూ. అది నేనే! ఇప్పుడు అందుకే దీపాన్ని ముందు వాళ్ళ అరచేతి మీద పడేలా తిప్పుతాను. "వేడిగా ఉందా? లేదు కదా. ఇప్పుడు నీ చొక్కా బొత్తాం మీద వేద్దాం. ఇప్పుడు గడ్డం మీద." ఇలా ఎక్కించుకుంటూ పోతే నోటిదాకా వచ్చేసరికి దీపం వాళ్ళదవుతుంది. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి అని పిల్లల దంతవైద్యంలో మాకు నేర్పే పాఠం ఇదే. భయం పోగొట్టడానికి వాడే ఈ వరసనే తిరగేస్తే భయపెట్టడానికి పనికొస్తుంది. చెప్పకు, సగం చూపించు, చెయ్యడం మాత్రం ఆలస్యం చెయ్యి. 'డార్క్‌నెస్ ఫాల్స్' మొదటి నిమిషంలో అంతా చెప్పేసి, పదో నిమిషం నుంచి చేసేస్తూ పోయింది.

రెండో రాత్రి 'డోంట్ బీ అఫ్రెయిడ్ ఆఫ్ ద డార్క్'. పేరులో పళ్ళ ఊసే లేదు. 1973లో అమెరికాలో టీవీ కోసం తీసిన సినిమాకు ఇది మళ్ళీ తీసిన రూపం. ఆ పాత సినిమాను చిన్నప్పుడు చూసి హడలిపోయానని చెప్పుకునే గియర్మో డెల్ టోరో దీనికి ఒక రచయిత, ఒక నిర్మాత. దర్శకుడు ట్రాయ్ నిక్సీ. 2010లో పూర్తయినా అమెరికా థియేటర్లకు 2011 ఆగస్టులో గానీ రాలేదు. పాత సినిమాలో పొయ్యి గూటిలోంచి వచ్చే చిన్న జీవులకు పళ్ళతో సంబంధం లేదు, వాటికి చిక్కేది పెళ్ళయిన ఒక యువతి. డెల్ టోరో ఇందులో రెండు మార్పులు చేశాడు. ఆ యువతిని శాలీ అనే చిన్నపిల్లను చేశాడు, ఆ జీవులకు పళ్ళ ఆకలి పెట్టాడు. ఆయనకు ఈ పిచ్చి ఇంతకు ముందే ఉంది. 2008లో తీసిన రెండో 'హెల్‌బాయ్'లో గుంపులు గుంపులుగా మీద పడి మనుషుల ఎముకలు తినే పురుగుల్లాంటి జీవులకు పెట్టిన పేరు కూడా టూత్ ఫెయిరీలే. అవి ముందు పళ్ళతో మొదలుపెడతాయి.

మొదటి సన్నివేశం గురించి హెచ్చరిస్తున్నాను. నేను బతుకుతెరువుకు పళ్ళు పీకే మనిషిని, అయినా నా చెయ్యి తెలియకుండానే దవడ మీదకు వెళ్ళింది. వెనకటి కాలం, పెద్ద భవంతి. దాని యజమాని బ్లాక్‌వుడ్ పనిమనిషిని నేలమాళిగలోకి పిలుస్తాడు. ఆవిడ మెట్ల మీద పడిపోగానే మీద కూర్చుని, క్షమించమని అడుగుతూనే, ఉలి పెట్టి సుత్తితో ఆవిడ పళ్ళు రాలగొడతాడు. తన పళ్ళు అప్పటికే తీసేసుకున్నాడు. ఆ పళ్ళన్నీ పళ్ళెంలో పెట్టి పొయ్యి గూటి ముందు పెడతాడు, లోపల ఉన్న వాటితో తన కొడుకును తిరిగి ఇమ్మని బతిమాలుతాడు. లోపలి నుంచి జవాబు వస్తుంది. వాటికి పెద్దవాళ్ళ పళ్ళు వద్దు, పిల్లల పళ్ళు కావాలి.

వృత్తిరీత్యా ఒక అభ్యంతరం. ఉలి, సుత్తి మాకు కొత్త కాదు. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని చీల్చి తీయడానికి వాటిని వాడే పద్ధతి ఉండేది, మేము చదువుకున్నాం కూడా. కానీ ముందు పన్నును అలా కొడితే అది వేరుతో సహా చక్కగా ఊడి రాదు. పైభాగం విరుగుతుంది, వేరు దవడలోనే ఉండిపోతుంది. ఆ పళ్ళెంలో ఉండాల్సింది ముక్కలు. పాలపన్ను సంగతి వేరు. కింద కొత్త పన్ను పైకి వస్తున్నకొద్దీ పాలపన్ను వేరు కరిగిపోతుంది. ఊడేసరికి దానికి వేరే ఉండదు, గుల్లగా ఉన్న చిన్న తల మాత్రం మిగులుతుంది. ఆరోగ్యంగా ఊడిన పాలపన్నును అరచేతిలో వేసుకుని చూడండి, కింద అంచు కొరికినట్టుగా ఉంటుంది. పిల్లల పళ్ళే కావాలని అవి ఎందుకు అడుగుతున్నాయో సినిమా చెప్పదు. నాకు మాత్రం ఒంట్లోంచి తనంతట తాను వదులుకున్నది కాబట్టే కావాలేమో అనిపించింది. లాక్కున్నది చెల్లదు, ఇచ్చిందే చెల్లుతుంది. మన కథల్లో దానం అడిగే రాక్షసులు కూడా ఇలాగే కదా.

కొడుకు కోసం తండ్రి బతిమాలుకున్న ఆ ఇంటికే, చాలా ఏళ్ళ తర్వాత శాలీ వస్తుంది. తల్లి వద్దనుకుని తండ్రి దగ్గరకు పంపించింది. తండ్రి (గై పియర్స్) పాత భవంతులు బాగుచేసి అమ్మే పనిలో మునిగి ఉన్నాడు. తండ్రితో ఉంటున్న కిమ్‌ (కేటీ హోమ్స్) ఈ పిల్లకు ఎలా దగ్గర కావాలో తెలియక తడబడుతుంది. శాలీగా వేసిన బెయిలీ మాడిసన్ ముఖంలో మొదటి నుంచీ ఒక అలక. ఎవరికీ అక్కరలేని పిల్లల ముఖం అలాగే ఉంటుంది. అటువంటి పిల్లను పొయ్యి గూటి లోపల్నుంచి ఎవరో పేరు పెట్టి, గుసగుసగా, ప్రేమగా పిలుస్తారు. ఆ గూటికి వేసిన బోల్టులను ఆ పిల్లే ఒక్కొక్కటిగా విప్పుతుంది. ఇక్కడ అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ జీవులు కనిపించనంతవరకు ఈ సినిమా నిజంగా భయపెడుతుంది. శాలీ దుప్పటిలోకి దూరి, టార్చి వెలిగించుకుని, ఏదో కదిలినట్టు అనిపించి దుప్పటి లోపలే పాకుకుంటూ మంచం అడుగు చివరికి వెళ్ళే సన్నివేశం ఒకటుంది. దుప్పటి సొరంగంలా ముందుకు సాగుతూనే ఉంటుంది. ఇంత పొడుగు మంచమా అనిపిస్తుంది. చిన్నప్పుడు మనకు దుప్పటి ఎంత పెద్ద కోటో గుర్తున్నవాళ్ళకు ఈ రెండు నిమిషాల కోసం మిగతా తప్పులన్నీ క్షమించాలనిపిస్తుంది. టూత్ ఫెయిరీ కథలో చెయ్యి దిండు కిందకే వస్తుంది కదా. మంచం సురక్షితం కాదని ఆ కథే చెబుతోందని వీళ్ళు పట్టుకున్నారు.

జీవులు పూర్తిగా కనిపించాక మాత్రం పట్టు సడలింది. కంప్యూటర్‌లో గీసిన ఎలుక మూతి కోతుల్లా ఉన్నాయి. గుంపుగా వచ్చి, కత్తెరలూ స్క్రూడ్రైవర్లూ పట్టుకుని పరుగులు తీస్తుంటే మా అత్తయ్య నవ్వారు. భయపడాల్సిన చోట అరవై తొమ్మిదేళ్ళావిడ నవ్విందంటే లెక్క తప్పినట్టే. పెద్దవాళ్ళ తెలివితక్కువతనం ఇంకో ఇబ్బంది. పనివాడు నెత్తురోడుతూ పైకి వచ్చి పడిపోతే, పనిముట్ల మీద పడ్డాడని సరిపెట్టుకుంటారు. తండ్రి చివరిదాకా నమ్మడు. దీన్ని చాలామంది సమీక్షకులు కథలో లోపంగా చూస్తారేమో. నేను ఒప్పుకోను. పిల్ల నొప్పి అంటుంటే "ఏమీ లేదు డాక్టర్, స్కూలు ఎగ్గొట్టడానికి వేషాలు" అని చెప్పి, నేను అద్దం పెట్టి గుల్లయిన దవడ పన్ను చూపిస్తే గతుక్కుమనే తండ్రులను నెలకు నలుగురినైనా చూస్తాను. ఆ తండ్రి పాత్రలో నాకు అతిశయోక్తి ఏమీ కనిపించలేదు.

ముగింపు చెప్పను. ఎవరో ఒకరు వెల చెల్లిస్తారు, అది మీరు ఊహించిన మనిషి కాదు. నాణెం, పన్ను, బేరం అనే మూడింటినీ ఈ సినిమా ఆఖరిదాకా మర్చిపోలేదు, అందుకే తప్పులున్నా ఇదే నాకు మంచి సినిమా. దీనికి అమెరికాలో పదిహేడేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతో వస్తేనే చూడనిచ్చే 'ఆర్' ముద్ర వేశారు. నెత్తురు చూస్తే అంత లేదు, కానీ ఆ మొదటి సన్నివేశానికి ఆ ముద్ర తగినదే. పదేళ్ళ పిల్లలకు చూపించకండి. చూపిస్తే ఆ తర్వాత వాళ్ళను నా దగ్గరకు తీసుకురాకండి.

2006లో నేరుగా డీవీడీగా వచ్చిన 'టూత్ ఫెయిరీ' అనే ఇంకోటి కూడా మొదలుపెట్టాను. పిల్లల పళ్ళ కోసం వాళ్ళను చంపే మంత్రగత్తె కథ. ఇరవై నిమిషాలకు కట్టేశాను. దాని మీద ఇంకో వాక్యం ఖర్చు పెట్టను.

ఒక మాట మాత్రం మిగిలింది. మంచి దేవతను చెడ్డదాన్ని చేశారని ఈ సినిమాల మీద కోప్పడేవాళ్ళు ఉంటారు. నాకా కోపం రాలేదు, నాకు అలవాటు. పోయిన వారమే ఒక తల్లి, కుర్చీలో కూర్చున్న అయిదేళ్ళ కొడుకుతో, "నోరు తెరువు, లేకపోతే డాక్టరమ్మ పెద్ద సూది పొడుస్తుంది" అంది. ఆ పిల్లవాడు నా వైపు చూసిన చూపు మటిల్డా డిక్సన్‌కు బాగా తెలిసి ఉంటుంది. అంతకు ముందు పది నిమిషాలు అరచేతి మీద దీపం వేసి, నీళ్ళు పీల్చే గొట్టాన్ని ఏనుగు తొండమని చెప్పి, ఆడించి, నవ్వించి తెచ్చుకున్నదంతా ఒక్క మాటతో పోయింది. అన్నం తినకపోతే బూచాడు, నిద్రపోకపోతే గోనెసంచివాడు, నోరు తెరవకపోతే నేను. బూచాడికి ముఖం లేదు, అతను ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. నాకు బోర్డు ఉంది, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు వేళలు కూడా రాసి ఉన్నాయి. ఆ రోజు పన్ను ముట్టుకోకుండా స్టిక్కరు ఇచ్చి పంపేశాను. రెండోసారి వాళ్ళ నాన్నతో వచ్చాడు, ఏ గొడవా లేకుండా నోరు తెరిచాడు.

సంక్రాంతి ముందు మా చెల్లెలి కూతురు మళ్ళీ కాల్ చేసింది. పక్క పన్ను కూడా ఊడింది. తన ప్రశ్నకు జవాబు దొరికిందా అని అడిగింది. రెండు సినిమాలు చూసి రెండు జవాబులు తెచ్చుకున్నాను, రెండూ ఏడేళ్ళ పిల్లకు చెప్పదగ్గవి కావు. అందుకని మా చిన్నప్పటి పద్ధతి చెప్పాను. ఇంటి కప్పు మీదకు విసరడం, ఎవరూ డబ్బు ఇవ్వకపోవడం, ఎవరూ రాత్రి గదిలోకి రాకపోవడం. ఆ ఆఖరి మాట దానికి బాగా నచ్చింది. ఈసారి రెండు డాలర్లు వద్దు, కప్పు మీదకే విసురుతానంది.

మర్నాడు మా మరిది పెరట్లో నిలబడి పన్ను విసురుతున్న వీడియో పంపాడు. డాలస్ ఇళ్ళ కప్పులు ఏటవాలుగా ఉంటాయి. పన్ను పైకి వెళ్ళింది, తగిలింది, టకటకమంటూ జారి వచ్చి చివర ఉన్న వాన నీటి కాలువలో పడింది. పిల్ల ముఖం మాడిపోయింది. నిచ్చెన వేసి తీయమని తండ్రి వెంటపడుతోంది.

వీడియో మూడుసార్లు చూసి అత్తయ్య ఫోను నాకు తిరిగి ఇచ్చారు. "పేడ పెట్టకుండా విసిరితే నిలుస్తుందా మరి?" అన్నారు.